పాత జపాన్ స్టీల్ రోడ్ సైకిల్: బాగుచేయడం, ధర కట్టడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

అనంతపురం, కర్నూలు, కడప చుట్టుపక్కల ఇలాంటి సైకిలు చేతికొచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలివి. గల్ఫ్ నుంచి సామానుతో దిగినా, బెంగళూరు పాత సామాన్ల అంగట్లో దొరికినా, అమెరికాలో ఉన్న అల్లుడు పెట్టెలో వేసి తెచ్చినా పని మాత్రం ఒకటే.

పాత జపాన్ సైకిలుకు ఇంత గిరాకీ ఎందుకు? ఇనుప సైకిలే కదా?

ఇనుమే, కాని గేటుకు వాడే ఇనుము కాదు. 1970ల మొదట్లో అమెరికాలో పది గేర్ల సైకిళ్ల కోసం జనం ఎగబడ్డారు. అక్కడి కంపెనీలు, యూరప్ కంపెనీలు అన్ని సైకిళ్లు అందించలేకపోయాయి. ఆ సందులో మియాటా, ఫుజి, పానాసోనిక్, బ్రిడ్జ్‌స్టోన్, నిషికి లాంటి పేర్లు దూరాయి. సెంచూరియన్, యూనివేగా అమెరికా వ్యాపారుల పేర్లే అయినా ఆ కాలంలో వాటి మంచి మోడళ్లు జపాన్‌లోనే తయారయ్యేవి. 1985లో డాలరు విలువ తగ్గించడానికి పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ బలపడింది, జపాన్ సైకిలు డాలర్లలో ఖరీదైపోయింది, తయారీ చాలావరకు తైవాన్‌కు తరలిపోయింది. అందుకే జనం వెతికేది ఎక్కువగా 1975–1990 మధ్య సైకిళ్లనే.

మా దృష్టిలో వీటి అసలు గొప్ప బ్రాండు పేరు కాదు, కొలతలు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మర 1.37 అంగుళం × 24, దాని గొట్టం, అంటే షెల్, వెడల్పు 68 మి.మీ. ఇప్పటికీ దొరికే సామాను అందులో ఎక్కుతుంది. అదే కాలం ఫ్రెంచి సైకిలు తెచ్చుకుంటే మర వేరు, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే కొమ్మ) లావు వేరు. సామాను కోసం దేశాలు తిరగాలి.

ఇది నిజంగా జపాన్‌దేనా, ఏ సంవత్సరం నాటిది? ఎలా తెలుస్తుంది?

స్టిక్కర్‌ను ఒక్కదాన్నే నమ్మొద్దు. సైకిలును తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ కింద సీరియల్ నంబరు చూడండి. మట్టి, గ్రీజు పేరుకుని ఉంటే డీజిల్ గుడ్డతో తుడవండి, తీగ బ్రష్ వేయకండి. మియాటా సీరియల్‌లో మొదటి అక్షరం సంవత్సరం చెబుతుంది: ఏ అంటే 1972, అక్కణ్నుంచి వరుసగా. ఎల్ 1983, ఎమ్ 1984.

సీరియల్ చెప్పకపోతే సామాను చెబుతుంది. షిమానో (గేర్లు, బ్రేకులు చేసే జపాన్ కంపెనీ) భాగాల వెనుక రెండు అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటిది సంవత్సరం: ఏ 1976, బీ 1977, ఇలా. రెండోది నెల: ఏ జనవరి, ఎల్ డిసెంబరు. హెచ్‌సీ అని ఉంటే 1983 మార్చి. క్రాంక్ (పెడల్ తగిలించే చేయి) లోపలి వైపు, డిరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) వెనుక, బ్రేక్ చేతుల వెనుక వెతకండి. మూడు నాలుగు భాగాల మీద తేదీలు ఆరేడు నెలల తేడాలో ఉంటే సైకిలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందనుకోవచ్చు. ఒక్క వెనుక డిరైలర్ మాత్రమే ఐదేళ్లు తర్వాతదైతే అది మార్చిన భాగం. తప్పేం కాదు, కాని ధరలో లెక్కకొస్తుంది.

ఫ్రేమ్ ట్యూబు మంచిదో కాదో ఎలా గుర్తుపట్టాలి?

సీటు ట్యూబు మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. ట్యూబుల కంపెనీ ట్యాంగె అయితే నంబర్ 1 (గోడ మందం చివర్లలో 0.8, మధ్యలో 0.5 మి.మీ.), నంబర్ 2 (0.9, 0.6), ఆపైన ప్రెస్టీజ్. ఇషివాటా అయితే అంకె బరువు చెబుతుంది: 022 అంటే ట్యూబుల సెట్టు 2.2 కిలోలు, 019 అంటే 1.9. మియాటా తన ట్యూబులు తానే లాగేది. వాటి మీద క్రోమ్ మాలిబ్డినం, ట్రిపుల్ బటెడ్ (గోడ మందం మూడు రకాలుగా మారేది) అని రాసి ఉంటే మంచి రకం.

స్టిక్కర్ ఊడిపోయిందా? మొత్తం సైకిలు తూకం వేయండి. 10–11 కిలోలు ఉంటే క్రోమోలీ (అదే క్రోమ్ మాలిబ్డినం ఉక్కు) అయ్యే అవకాశం ఎక్కువ, 13 దాటితే చాలావరకు హై టెన్సైల్ అనే మామూలు ఉక్కు రకం. వేలితో ట్యూబు మధ్యలో కొట్టి చెవి పెట్టి వినే పద్ధతిని కొందరు చెబుతారు. అది కొలత కాదు, సరదా.

కొనేముందు ఏం చూడాలి?

ముందు హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద నిలువుగా ఉండే పొట్టి గొట్టం) వెనుక, పై ట్యూబు, కింది ట్యూబు అడుగు భాగం. అక్కడ వేలు నడిపితే అల లాగా తగిలినా, పెయింటు అడ్డంగా చిట్లినా సైకిలు ఎప్పుడో దేనికో ముందు నుంచి గుద్దుకుంది. ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

రెండోది దారం పరీక్ష. వెనుక చక్రం తీసి, ఇరుసు కూర్చునే ఎడమ గాడికి దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, కుడి గాడికి బిగించండి. సీటు ట్యూబు దగ్గర రెండు వైపులా దారానికీ ట్యూబుకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 1–2 మి.మీ. తేడా పర్వాలేదు. 4–5 ఉంటే వెనుక భాగం వంగింది. ఇనుము కాబట్టి సరిచేయొచ్చు, అయితే చేతులు తెలిసినవాడు కావాలి.

వెనుక గాడుల మధ్య దూరం కూడా కొలవండి. 120 మి.మీ. ఉంటే ఐదు గేర్ల కాలం, 126 అయితే ఆరేడు. 130 కనిపిస్తే ఎవరో వెడల్పు చేసి ఉండొచ్చు.

సీటు పోస్టు తిరుగుతుందా, స్టెమ్ కదులుతుందా? ఈ రెండూ చూడకుండా డబ్బు ఇవ్వకండి. అమ్మేవాళ్లు దాని గురించి చెప్పరు, చాలాసార్లు వాళ్లకీ తెలియదు.

సీటు పోస్టు ఇరుక్కుపోయింది. వెల్డింగ్ షాపులో మంట పెట్టిస్తే వస్తుందంటున్నారు.

పెట్టించకండి. పోస్టు అల్యూమినియం, ట్యూబు ఇనుము. వేడికి అల్యూమినియమే ఎక్కువ ఉబ్బుతుంది, కాబట్టి మంట తగిలినంతసేపూ ఇంకా బిగుస్తుంది. పైగా పెయింటు పోతుంది. గ్యాసు మంట ఎక్కువసేపు తగిలితే లగ్గుల్లో (ట్యూబులు కలిసే చోటి తొడుగుల్లో) ఇత్తడి అతుకుకూ ప్రమాదమే.

బాటమ్ బ్రాకెట్ విప్పేసి ఫ్రేమును తలకిందులుగా వేలాడదీయండి. తుప్పు వదిలించే నూనె సీటు ట్యూబులోకి బాటమ్ బ్రాకెట్ వైపు నుంచి పోయండి. ఆటోమేటిక్ కార్ల ట్రాన్స్‌మిషన్ ఆయిల్ (ఏటీఎఫ్), ఎసిటోన్ సగం సగం కలిపినా పనిచేస్తుంది. పెయింటు మీద పడనివ్వకండి, దీపం దగ్గర పెట్టకండి. రోజుకోసారి పోస్తూ మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత క్లాంపు బోల్టు పూర్తిగా తీసి, పోస్టు తలను బల్లకు బిగించిన వైస్‌లో పట్టించి, ఫ్రేమునే నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. ఒక్కసారి గట్టిగా లాగితే 0.6 మి.మీ. ట్యూబు మెలి తిరుగుతుంది. తిప్పేముందు పోస్టు చుట్టూ అరగంట మంచు గడ్డలు కట్టి చల్లబరిస్తే అది కుంచించుకుని పట్టు వదులుతుంది.

అప్పటికీ రాకపోతే పోస్టును రెండు మూడు సెం.మీ. పైన కోసేసి, లోపలి నుంచి హ్యాక్సా బ్లేడుతో నిలువుగా చీరాలి. ట్యూబును తాకకుండా కోయాలి, సగం రోజు పని. కాస్టిక్ సోడా పోసి అల్యూమినియాన్ని కరిగించేవాళ్లూ ఉన్నారు. అందులోంచి హైడ్రోజన్ వస్తుంది, చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ మాటే వద్దు.

కొత్త పోస్టు కొనేముందు పాతదాని మీద అంకె చదవండి: 26.8, 27.0, 27.2. 0.2 మి.మీ. తక్కువది వేసినా క్లాంపు చెవులు దగ్గరికి వంగిపోతాయి, పోస్టు కిందికి జారుతూనే ఉంటుంది. వేసేటప్పుడు గ్రీజు తప్పనిసరి. అది లేకనే కదా ఈ గొడవంతా.

మన దగ్గర తుప్పు తక్కువే కదా?

తీర ప్రాంతంతో పోలిస్తే తక్కువే. అనంతపురం జిల్లాలో ఏడాదికి రమారమి 550 మి.మీ. వానే. కాని బయట నుంచి వచ్చిన సైకిలు తన తుప్పు తానే తెచ్చుకుంటుంది. బాటమ్ బ్రాకెట్ షెల్ లోపల టార్చి వేసి చూడండి. ఎర్రటి పొడి రాలితే పైపై తుప్పు, పొరలుగా ఊడితే ఆలోచించాలి.

క్రోమ్ భాగాలకు వంటింటి అల్యూమినియం రేకు నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే చాలు. విడదీసిన ఇనుప భాగాలకు లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టండి. ఆక్సాలిక్ యాసిడ్ అయితే 20–30 గ్రాములు సరిపోతుంది. అది విషం, చేతులకు గ్లవ్స్ ఉండాలి, పాత్ర వంటకు మళ్లీ వాడకూడదు. రెండింటిలోనూ అల్యూమినియం భాగాలు వేయకండి. తీశాక వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. చివరి కడుగుడు బోరు నీళ్లతో వద్దు. ఆరాక తెల్లటి మరకలు పట్టేసి పెయింటు మీద కూర్చుంటాయి. ఫిల్టర్ నీళ్ల క్యానులోవి రెండు చెంబులు చాలు.

ఫ్రేము లోపలికి పెయింట్ షాపులో దొరికే మరిగించిన అవిసె నూనె పోసి, అన్ని వైపులా తిప్పి, మిగులు కార్చేయండి. రెండు మూడు రోజుల్లో గట్టిపడి పొరలా అంటుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి.

కొత్తగా పెయింటు వేయిస్తే ధర పెరుగుతుందా?

తగ్గుతుంది. గీతలున్నా అసలు పెయింటు, అసలు అక్షరాలు ఉన్న సైకిలుకే కొనేవాళ్లు ఎక్కువ ఇస్తారు. రబ్బింగ్ కాంపౌండు, తర్వాత కారు మైనం, పెచ్చులూడిన చోట రంగు కలిసే నెయిల్ పాలిష్ చుక్క. ఇంతే చాలు.

పెయింటు సగం పోయి ఇనుము బయటపడితే మాత్రం వేయించక తప్పదు. గేట్లకు, గ్రిల్స్‌కు పౌడర్ కోటింగ్ చేసే షాపులు మన ఊళ్లలో ఉన్నాయి. వాళ్లు కాల్చే 180–200 డిగ్రీల వేడికి ఇత్తడి అతుకులకు ఏమీ కాదు. ముప్పు ముందు చేసే ఇసుక బ్లాస్టింగ్‌తోనే: గేటుకు వాడే ఒత్తిడే సన్న ట్యూబుకూ వాడితే గోడ అరిగిపోతుంది. కెమికల్‌తో పాత పెయింటు ఊడగొట్టమనండి. బాటమ్ బ్రాకెట్, హెడ్ ట్యూబు లోపలి భాగాలకు, మరలకు టేపు వేసి పంపండి. లేదంటే పొర తీయడానికి లేతు దగ్గరికి పోవాలి. లగ్గుల అంచులు పౌడర్‌లో మునిగిపోయి బోసిగా కనిపిస్తాయి. ఆ అంచులే అందం అనుకునేవాళ్లు కారు పెయింటర్‌తో 2కే (గట్టిపరిచే ద్రవం కలిపి వేసే) పెయింటు వేయించుకోవాలి.

క్రాంక్ రావడం లేదు. సుత్తితో కొట్టొచ్చా?

సుత్తి పక్కన పెట్టండి. చదరపు ఇరుసు మీద బిగిసిన క్రాంకును పుల్లర్‌తోనే తీయాలి. జపాన్ క్రాంకులకు మర 22 మి.మీ. బోల్టు తీశాక లోపల వాషర్ ఉందేమో చూడండి. దాన్ని వదిలేసి పుల్లర్ తిప్పితే అది ఇరుసుకు కాకుండా వాషర్‌కు ఆనుతుంది, క్రాంకులోని మర చిరిగిపోతుంది. మర పోయిన క్రాంకును తర్వాత ఎవరూ సులభంగా తీయలేరు. మరలోని మట్టి పాత టూత్ బ్రష్‌తో తీసి, పుల్లర్‌ను చేత్తో చివరిదాకా ఎక్కించాకే పానా పట్టాలి.

బాటమ్ బ్రాకెట్‌లో కుడి వైపు కప్పుది ఎడమ మర. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. సైకిల్ మెకానిక్‌కు ఇది ముందే చెప్పండి. బలం ఉన్నవాడు తప్పు వైపు తిప్పితే షెల్ మరే పోతుంది. ఎడమ పెడల్‌దీ ఎడమ మరే.

కప్పుల్లో, ఇరుసు మీద గుంటలు పడి ఉంటే 68 మి.మీ. సీల్డ్ కార్ట్రిడ్జ్ (ఇరుసు, బేరింగులు కలిపి మూసి వచ్చే ముక్క) వేసేయండి. పాత ఇరుసు పొడవు స్కేలుతో కాదు, వెర్నియర్‌తో కొలవండి. పొట్టిది వేస్తే లోపలి చైన్‌రింగ్ (క్రాంకుకు ఉండే పళ్లచక్రం) ఫ్రేముకు రాసుకుంటుంది. క్రాంకు బోల్టు 35–40 న్యూటన్ మీటర్ల బిగువు, మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మరోసారి.

బేరింగ్ బాల్స్ ఎన్ని, ఏ సైజు?

ముందు హబ్ (చక్రం నడిమి భాగం) 3/16 అంగుళం, వైపుకు 10. వెనుక హబ్ 1/4, వైపుకు 9. బాటమ్ బ్రాకెట్ 1/4, విడిగా వేస్తే వైపుకు 11. 1/4 బాల్స్ ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. పాతవి, కొత్తవి కలపకండి. గ్రీజు మోటార్ సైకిల్ స్పేర్ల షాపులోని లిథియం వీల్ బేరింగ్ రకం.

డిరైలర్ స్క్రూల తలలు అరిగిపోతున్నాయి. ఎందుకు?

అవి జపాన్ ప్రమాణపు ప్లస్ స్క్రూలు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన గాడి అడుగుకు చేరకముందే ఆనుతుంది, బలం పెట్టగానే జారి తలను తినేస్తుంది. జేఐఎస్ అని రాసిన స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

టైర్లు 27 × 1¼ అని ఉన్నాయి. షాపులో 28 సైజు వేసుకోమంటున్నారు.

వేసుకోవద్దు. 27 × 1¼ రిమ్ము అంచు వ్యాసం 630 మి.మీ. మన పాత పెద్ద సైకిళ్ల 28 × 1½ టైరు 635. ఎక్కడం హాయిగా ఎక్కుతుంది, గాలి నింపాక అంచు దాటి బయటికి వస్తుంది. అది జరిగేది ఘాట్ దిగేటప్పుడైతే చెప్పాల్సిన పని లేదు. 700సీ టైరు 622 మి.మీ.; అది 27 రిమ్ముకు ఎక్కనే ఎక్కదు.

మీకున్నవి రెండు దారులు. 630 టైర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అసలు చక్రాలు ఉంచుకోవడం ఒకటి. లేదంటే 700సీ చక్రాలు వేయడం. అప్పుడు రిమ్ము 4 మి.మీ. కిందికి పోతుంది, బ్రేక్ బూటు గాడిలో అంత కిందికి దిగే చోటు ఉందో లేదో ముందే చూడాలి. అసలు చక్రాలు అమ్మకండి, దాచండి.

పాత రిమ్ముల లోపలి అంచుకు కొక్కెం వంపు లేకుండా నున్నగా ఉంటే 70–75 పీఎస్ఐ దాటనివ్వకండి. ఎండాకాలం మధ్యాహ్నం గాలి నిండుగా కొట్టి బండిని నడిఎండలో పెట్టకండి.

ఇక పల్లేరు కాయలు. హైవే అంచున, చేల గట్ల మీద వీటి నుంచి తప్పించుకున్న సన్న టైరు లేదు. టైరుకూ ట్యూబుకూ మధ్య పంక్చర్ పట్టీ వేయండి, బరువు కాస్త పెరిగినా పర్వాలేదు. ముల్లు గుచ్చుకున్నాక లోపల విరిగిన మొన మిగిలిపోతుంది. వేలితో తడిమి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరులోపే అదీ పోతుంది.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే ఈ గేర్లు సరిపోతాయా?

ముందు 52/42 పళ్లు, వెనుక 14–24 పళ్లు ఉన్న రేసు గేర్లతో మోకాళ్లు నొప్పి పుడతాయి. వెనుక 14–28 ఫ్రీవీల్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) వేస్తే 42/24 కాస్తా 42/28 అవుతుంది, ఏడో వంతు తేలిక. ఆరు, ఏడు గేర్ల 14–28 ఫ్రీవీళ్లు మామూలు గేరు సైకిళ్లకూ వస్తాయి కాబట్టి జిల్లా కేంద్రాల్లో దొరుకుతాయి. పాత లివర్లు క్లిక్కులు లేని రకం అయితే ఏ కంపెనీదైనా నడుస్తుంది. 126 మి.మీ. వెనుక భాగంలో ఏడు గేర్లదీ పడుతుంది. వెనుక డిరైలర్‌కు పుల్లీలు పట్టే చట్రం (కేజ్) పొట్టిదైతే 28 పళ్ల దాకా తీసుకుంటుందో లేదో నెమ్మదిగా తిప్పి చూడండి. పై పుల్లీ పళ్లకు తగిలితే తీసుకోదన్నట్టే.

ఈ పనిలో మరో జపాన్ కంపెనీ సన్‌టూర్ డిరైలర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పుల్లీ పళ్లచక్రాల వాలుకు సమాంతరంగా కదిలే ఏర్పాటు 1964లో వాళ్లదే. పేటెంటు గడువు తీరేదాకా మిగతావాళ్లు ఆగాల్సి వచ్చింది.

పాత ఫ్రీవీల్ తీయడానికి దాని గాడులకు సరిపోయే టూలే కావాలి: సన్‌టూర్‌కు రెండు లేదా నాలుగు కొమ్ములది, షిమానోకు పళ్లున్నది. టూల్‌ను ఇరుసు నట్టుతో పట్టి ఉంచి, వైస్‌లో బిగించి, చక్రాన్ని ఎడమ వైపు తిప్పండి. ఏళ్ల తరబడి తొక్కుడుకు బిగిసింది కాబట్టి మొదటి పావు చుట్టుకు ఇద్దరు కావాలి. అది కదలగానే నట్టు వదులు చేయాలి, లేదంటే ఇరుసు విరుగుతుంది.

బ్రేకు తీగ ఎక్కడం లేదు.

వంపు హ్యాండిల్ లివర్లకు బేరిపండు ఆకారపు ముడి ఉన్న తీగ కావాలి. ఊళ్లో దొరికేది గుండ్రటి డోలు ముడిది, మౌంటెన్ సైకిల్ రకం. ముడిని ఆకురాయితో అరగదీసి ఎక్కించే పని చేయకండి. ప్రాణం ఆ ముడి మీదే ఉంటుంది.

హెడ్‌సెట్ (హ్యాండిల్, ఫోర్కు తిరిగే బేరింగుల సెట్టు) మార్చాలి. ఏ సైజు అడగాలి?

చాలా జపాన్ ఫ్రేములకు ఫోర్కు కిరీటం దగ్గర 27.0 మి.మీ., హెడ్ ట్యూబు కప్పు 30.0 మి.మీ. మరో ప్రమాణంలో 26.4, 30.2. రెండూ ఒక అంగుళం హెడ్‌సెట్లే, పెట్టె మీద చూస్తే తేడా కనిపించదు. కొలిచి కొనండి.

ఇంతకీ దీని ధర ఎంత?

అమ్మకానికి పెట్టిన ధరలు చూసి లెక్క వేసుకోవద్దు. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే వడపోత పెట్టి చూడండి. రమారమిగా, తొక్కడానికి సిద్ధంగా ఉన్న మధ్యస్థాయి సైకిలు అమెరికాలో 150–350 డాలర్ల మధ్య తిరుగుతుంది. మియాటా 1000 లాంటి టూరింగ్ మోడల్, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌బీ-1, సెంచూరియన్ ఐరన్‌మన్ లాంటివి దానికి పైన. ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి ఇక్కడ అడిగితే ఎవరూ కొనరు. కర్నూలులో దీనికి సంత లేదు. కొనేవాళ్లు బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నారు.

ధర కట్టే పద్ధతి ఇది. సైకిలు పూర్తిగా నడిచే స్థితిలో ఎంత పలుకుతుందో మొదట రాసుకోండి. దాంట్లోంచి చేయాల్సిన పని తీసేయండి: టైర్లు ట్యూబులు 2,500–3,500, చైను 800–1,200, ఫ్రీవీల్ 700–1,200, తీగలు గొట్టాలు 800–1,000, బ్రేక్ బూట్లు 400–800, హ్యాండిల్ టేపు 500–800, కార్ట్రిడ్జ్ 1,200–1,800. ఇవి సుమారు ధరలే. అంతా మార్చాల్సి వస్తే 7,000 నుంచి 10,000 దాకా పోతుంది. 20,000 పలికే సైకిలు ఈ స్థితిలో ఉంటే 10,000కు మించి ఇవ్వకండి. మీ కూలి ఇందులో లేదు, దాన్ని ఎవరూ ఇవ్వరు కూడా.

సైజు చాలామంది మరిచిపోతారు. బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు ట్యూబు పైకొస దాకా కొలిస్తే 50–54 సెం.మీ. వచ్చినది మన ఎత్తుల వాళ్లలో ఎక్కువ మందికి సరిపోతుంది. 60 దాటిన ఫ్రేము ఎంత మంచి ట్యూబుదైనా నెలల తరబడి గోడకు ఆనుకునే ఉంటుంది.

విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందా? కొన్నిసార్లు వస్తుంది. షిమానో డ్యూరా-ఏస్, సన్‌టూర్ సూపర్బ్ సెట్టు మొత్తం, నిట్టో స్టెమ్, ఇలాంటివి ఫ్రేము కంటే త్వరగా పోతాయి. ఫ్రేము వంగినదైతే అదే మంచి దారి. బాగున్న ఫ్రేమును మాత్రం ముక్కలు చేయకండి.

బెంగళూరు కొనుగోలుదారుకు ఎలా పంపాలి?

పెద్ద సైకిల్ షాపులో కొత్త సైకిలు వచ్చిన అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. ముందు చక్రం, పెడళ్లు, హ్యాండిల్, సీటు పోస్టు విప్పండి. పోస్టు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టండి. ముందు ఫోర్కు గాడుల మధ్య 100 మి.మీ. చెక్కముక్క గాని పాత ఇరుసు గాని బిగించండి. లేకపోతే పెట్టె మీద బరువు పడి ఫోర్కు లోపలికి వంగుతుంది. వెనుక డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలి వైపుకు కట్టండి. చైన్‌రింగ్ పళ్లకు అట్టముక్క. టైర్లలో గాలి సగం తీయండి. బస్సు పార్శిల్‌లో వేసేముందు పెట్టె నాలుగు వైపులా, సీరియల్ నంబరుతో సహా ఫొటోలు తీసి కొనేవాళ్లకు పంపండి. ఎడమ పెడల్ కుడి వైపు బిగించొద్దని వాళ్లకు ఒక మాట రాసి పెట్టెలో వేయండి.